మూడో మడత

చేతికందిన పాత దినపత్రిక నుంచి రెండు వేళ్ల వెడల్పున ఒక పట్టీ చించండి. రెండు సమభాగాలు వచ్చేలా మడవండి. చిటికెలో పని. ఇంకో మడత వేస్తే నాలుగు. ఇప్పుడు మరో పట్టీ తీసుకుని, స్కేలు ముట్టకుండా, సరిగ్గా మూడు భాగాలు చెయ్యండి చూద్దాం.

అంత తేలిగ్గా కుదరదు. మొదటి రెండూ ఎలాగో సమానంగా వచ్చినా చివరిది బక్కచిక్కిపోతుంది. లేదంటే తోకలా బయటికి పొడుచుకొస్తుంది.

ఐదో తరగతికి లెక్కలు చెప్పే ఒక టీచరమ్మకు ఈ సంగతి రాత్రి తొమ్మిదిన్నరకు తెలిసింది, భోజనాలయ్యాక, ఇంకా తడారని బల్ల మీద. మర్నాటి పాఠం భిన్నాల కూడిక. ‘పిల్లల చేత కాగితపు పట్టీలు మడిపించుట’ అని పీరియడ్ ప్లాన్‌లో ఒక్క వాక్యం రాసేసింది. రాసిన పనిని ఓసారి తనే చేసి చూద్దామని కూర్చుంది. నాలుగు పట్టీలు పాడయ్యాక గానీ మూడోవంతు కుదరలేదు.

ఇదే సంగతి మర్నాడు పొద్దున ముప్పయ్యారు మంది పిల్లల మధ్య బయటపడి ఉంటే? “టీచర్, నాకు రాట్లేదు”, “టీచర్, వీడు నా కాగితం చించేశాడు”, “టీచర్, ఇంకోటివ్వండి”... సగం పీరియడ్ మడతలకే సరి. గంట కొట్టేసరికి పిల్లలు నేర్చుకున్నది కాగితం మడవడం. అదీ సగం మందే.

పాఠ్య ప్రణాళిక అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే, ఆవిడ చెత్తబుట్టలో వేసిన ఆ నాలుగు పట్టీల్ని చూపిస్తాను.

రికార్డులో పిల్లలు తప్పు చెప్పరు

టీచరు శిక్షణలో రాసే పాఠ్య ప్రణాళికల రికార్డును ఎందుకు చూపించనంటారా? బీఈడీ, డీఈడీ చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అట్ట వేసిన లావుపాటి పుస్తకం, శీర్షికల కింద ఎర్రగీతలు, మధ్యమధ్య అంటించిన బొమ్మలు. ముందు లక్ష్యాలు, వాటి కింద స్పష్టీకరణలు: విద్యార్థి గుర్తించును, జ్ఞప్తికి తెచ్చుకొనును, పోలికలు చెప్పును. తర్వాత రెండు గళ్లు. ఎడమవైపు ఉపాధ్యాయుని కృత్యం, కుడివైపు విద్యార్థి కృత్యం. నా రికార్డును నేను సీనియర్ దగ్గర అరువు తెచ్చుకుని దించాను. ఆయన ఎవరిది చూసి దించాడో ఆయనకే తెలియాలి.

అన్నిటికన్నా వినోదం ‘ప్రేరణ’. పాఠం పేరు టీచరు చెప్పకూడదు, పిల్లల నోటి నుంచే రాబట్టాలి. అందుకని ఇలా సాగేది. పొద్దున లేవగానే ఆకాశంలో ఎవరు కనిపిస్తారు? సూర్యుడు. సూర్యుడు మనకేమిస్తాడు? వెలుతురు. వెలుతురు దేని మీద పడితే వెనక్కి వస్తుంది? అద్దం. అయితే ఈ రోజు మనం నేర్చుకోబోయే పాఠం? కుడి గడిలో జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘కాంతి పరావర్తనం’. అంతకు ముందు రోజు ఇంకో ట్రైనీ వచ్చి అదే పాఠం చెప్పి ఉంటే తప్ప ఆ మాట ఏ పిల్లాడి నోటా రాదు. అయినా రికార్డులో వచ్చి తీరుతుంది.

అసలు చిక్కంతా ఆ కుడి గడిలోనే ఉంది. అందులో పిల్లలు ఎప్పుడూ తప్పు చెప్పరు. తెల్లమొహం వెయ్యరు. ‘టీచర్, ఒంటికి’ అని లేవరు. అడిగిందానికి అడిగినంతా అచ్చుగుద్దినట్టు చెప్పి, తర్వాతి ప్రశ్న కోసం కాచుక్కూర్చుంటారు. అలాంటి పిల్లలుంటే ఇక టీచరెందుకు?

ఈ మెట్ల వరస మనదాకా వచ్చిన దారి చాలా పొడుగు. జర్మనీ తత్త్వవేత్త హెర్బార్ట్ 1841లో చనిపోయాడు. ఆయన ఆలోచనల్ని శిష్యపరంపరలోని జిల్లర్, రైన్ ఐదు సోపానాలుగా బిగించారు: సన్నాహం, ప్రదర్శన, పోలిక, సాధారణీకరణ, అన్వయం. తర్వాత 1956లో అమెరికాలో బ్లూమ్, ఆయన సహచరులు లక్ష్యాల వర్గీకరణ తెచ్చారు. ఆ రెండూ కలిసి మన రికార్డు అయింది. హెర్బార్ట్ అసలు చెప్పిన మాట మాత్రం బంగారం. కొత్త విషయం ఒంటరిగా లోపలికి రాలేదు, పిల్లవాడికి అప్పటికే తెలిసినదాని చెయ్యి పట్టుకునే వస్తుంది అన్నాడాయన. మనం మెట్లు ఉంచుకుని, ఆ చెయ్యి వదిలేశాం.

సంతలో ముప్పావు, బల్ల మీద రెండు బై ఆరు

ఆ టీచరమ్మ బడి ఉన్న ఊళ్లో సోమవారం సంత. పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలతో కూరగాయల గోనెల దగ్గర కూర్చునేవాళ్లే. పోయిన ఏడాది ఆవిడకో చిత్రం ఎదురైంది. “అర కిలో టమాటాలు, పావు కిలో పచ్చిమిరపకాయలు. సంచిలో మొత్తం ఎంత?” అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో “ముప్పావు!” అంది. ఆవిడ వెనక్కి తిరిగి నల్లబల్ల మీద 1/2 + 1/4 అని రాసింది. అందరికన్నా గట్టిగా ముప్పావని అరిచినవాణ్నే పిలిచింది. వాడు చకచకా వచ్చి, పైవి పైవీ కలిపి, కిందవి కిందవీ కలిపి, 2/6 అని రాసి, చేతికంటిన చాక్‌పీసు పొడి నిక్కరుకు తుడుచుకుంటూ వెళ్లి కూర్చున్నాడు.

వాడికి రెండు లెక్కలొచ్చు. ఒకటి సంతది, ఒకటి బడిది. రెండూ ఒకటేనని వాడికెవరూ చెప్పలేదు.

అప్పుడు ఆవిడ మనమంతా చేసే పనే చేసింది. డస్టర్‌తో 2/6 తుడిచేసి, హారాలు వేరైతే క.సా.గు. తియ్యాలని సూత్రం చెప్పి, పది లెక్కలు చేయించింది. పిల్లలు బుద్ధిగా ఎక్కించుకున్నారు. నెల తర్వాత పరీక్ష పేపర్లలో 2/6 చుట్టాలంతా మళ్లీ ప్రత్యక్షమయ్యారు.

అందుకే ఈ ఏడాది ఆవిడ ప్రణాళిక 2/6తోనే మొదలైంది. ఆ తప్పు జవాబును తనే బల్ల మీద రాయాలి. తుడవకూడదు. పాఠానికంతటికీ ఇరుసులాంటి ప్రశ్న ఒక్కటే: “అర కిలోకి పావు కిలో కలిపితే బరువు పెరుగుతుందా, తగ్గుతుందా?” పెరగాలి కదా. కానీ 2/6 అంటే ఆరింట రెండు, అంటే సగం కన్నా తక్కువ. ఆ ‘సగం కన్నా తక్కువ’ పిల్లల కంటికి కనబడాలంటే పక్కపక్కనే రెండు పట్టీలు కావాలి. ఒకటి నాలుగు మడతలది, ఒకటి ఆరు మడతలది. ఆరు మడతలు రావాలంటే ముందు మూడు రావాలి. ఆ రాత్రి నాలుగు కాగితాలు పాడైంది అందుకే.

ఇక్కడ తెలుగుకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. మన వాడుకలో భిన్నాలకు సొంత పేర్లున్నాయి: అర, పావు, పరక, వీసం. సగం, అందులో సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం. వీసమంటే పదహారో వంతు. ‘వీసమెత్తు’ అనే మాటలో ఇంకా బతికే ఉంది. పాత తెలుగు లెక్కల్లో పావులకు, పావులో పావులకు విడిగా గుర్తులు కూడా ఉండేవి. అన్నీ రెండుగా మడిస్తే వచ్చేవే. మూడోవంతుకు మాత్రం అలాంటి ముద్దుపేరు లేదు, దాన్ని ‘మూడో వంతు’ అని విప్పి చెప్పుకోవాల్సిందే. మూడోవంతు కిలో వంకాయలు తూయమని ఏ సంతలోనూ ఎవరూ అడగరు. కాబట్టి పావు దగ్గర పరిగెత్తిన పిల్లాడు మూడోవంతు దగ్గర బోల్తాపడితే వాడిలో లోపమేమీ లేదు. అది వాడి చేతికీ కొత్తే, నోటికీ కొత్తే. మూడోవంతు పెద్దదా, పావు పెద్దదా అంటే ‘పావే, నాలుగు పెద్దది కదా’ అంటాడు. ఈ సంగతి ముందే తెలిసిన టీచరు పావుల్ని ముందు పెట్టి, మూళ్లను వెనక పెడుతుంది. పాఠ్యపుస్తకం అన్నిటినీ ఒకే పేజీలో కలిపి పెట్టినా సరే.

జపాన్‌లో చెరపని బల్ల

రికార్డులోని కుడి గడిని నిజాయితీగా నింపేవాళ్లు లేకపోలేదు. జపాన్‌లో టీచర్లు వందేళ్లకు పైగా ‘జుగ్యో కెన్‌క్యూ’ అని ఒకటి చేస్తున్నారు. పాఠాన్ని పరిశీలించడం అని అర్థం. నలుగురైదుగురు టీచర్లు కలిసి కూర్చుని ఒకే ఒక్క పాఠానికి ప్రణాళిక రాస్తారు, ఒక్కోసారి వారాల తరబడి. అందులో ముఖ్యమైన భాగం, పిల్లలు ఏమేమి జవాబులు చెప్పవచ్చు, ఏ తప్పు ఏ ఆలోచన నుంచి పుడుతుంది, అప్పుడు మనమేం అడగాలి అన్నది. తర్వాత ఒకరు పాఠం చెబుతారు. మిగతావాళ్లు చూస్తారు. వాళ్లు చూసేది టీచరును కాదు, పిల్లల్ని. సాయంత్రం కూర్చుని, పాఠం ఎక్కడ తెగిందో వెతుకుతారు. 1999లో అమెరికన్ పరిశోధకులు స్టిగ్లర్, హీబర్ట్ అమెరికా, జర్మనీ, జపాన్ క్లాసుల వీడియోలను పోల్చి ఒక పుస్తకం రాశాకే బయటి ప్రపంచం దీని మీద కన్నేసింది.

వాళ్ల మాటలు రెండు నాకు బాగా నచ్చాయి. ఒకటి ‘నెరియాగే’. పిల్లలు చెప్పిన రకరకాల పద్ధతుల్ని క్లాసంతా కలిపి పిసకడం, అచ్చం పిండి పిసికినట్టు. రెండోది ‘బాన్‌షో’, బల్ల రాత. పీరియడ్ అయ్యేసరికి నల్లబల్ల ఎలా కనబడాలో ముందే నోటుపుస్తకంలో గీసుకుంటారు. ఎడమవైపు సమస్య, మధ్యలో పిల్లల దారులు, తప్పువి కూడా, కుడివైపు అందరూ కలిసి తేల్చుకున్నది. గంట కొట్టేదాకా దాదాపు ఏదీ చెరపరు. పాఠం ఎక్కణ్నుంచి ఎక్కడికొచ్చిందో చివరి బెంచీ పిల్లాడు కూడా తలెత్తి చూసుకోవచ్చు. మన దగ్గర డస్టర్‌కు ఉన్నంత తొందర ఇంకెవరికీ ఉండదు.

టీచర్లు కూడబలుక్కునే వీలు మన స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లోనూ ఉంది. కాకపోతే అక్కడ సర్క్యులర్లు చదివేసరికే టీ వేళవుతుంది.

ప్రణాళిక ఎంత బాగున్నా, చెప్పే పాఠం టీచరుకే లోతుగా తెలియకపోతే ఏమవుతుందో లీపింగ్ మా అనే పరిశోధకురాలు చూపించింది. చైనాలో బడిపంతులమ్మగా పనిచేసి, అమెరికాలో పరిశోధన చేసిన మనిషి. 1999లో వచ్చిన ఆమె పుస్తకంలో 23 మంది అమెరికా టీచర్లకు, 72 మంది చైనా టీచర్లకు ఒకే పరీక్ష ఉంది: ఒకటీ ముప్పావును అరతో భాగించండి, దానికి తగిన ఒక నిత్యజీవితపు లెక్క అల్లండి. చైనా టీచర్లందరికీ జవాబు వచ్చింది. తగిన లెక్క అల్లడం అమెరికా వాళ్లలో ఒక్కరికే చేతనైంది. చాలామంది ‘అరతో’ భాగించమంటే ‘ఇద్దరికి’ పంచేశారు. నవ్వకండి. పావుతక్కువ రెండు లీటర్ల పాలున్నాయి, అర లీటరు గ్లాసులు ఎన్ని నిండుతాయి అన్న లెక్క మనలో ఎంతమందికి తడుతుంది? మూడున్నర గ్లాసులు. తలకిందులు చేసి గుణించమన్న సూత్రం వచ్చినవాళ్లం, ఆ మూడున్నర గ్లాసులు కంటికి కనబడనివాళ్లం మనలో బోలెడు మంది.

ఉక్రెయిన్‌లోని పావ్లిష్ అనే పల్లెలో బడి నడిపిన సుహొమ్లిన్‌స్కీ ఒక చరిత్ర టీచరు గురించి రాశాడు. ముప్పై మూడేళ్ల అనుభవం ఉన్న మనిషి. ఆయన పాఠం చూసి ముగ్ధుడైన ఒకాయన, దీనికి తయారవడానికి ఎంతసేపు పట్టిందని అడిగితే, జీవితమంతా తయారవుతూనే ఉన్నానని, ఈ పాఠానికి ప్రత్యేకంగా మాత్రం పావుగంటేనని చెప్పాడట. పావుగంట అన్న ముక్క పట్టుకుని సంబరపడే టీచర్లకు ముందున్న ముప్పై మూడేళ్లు గుర్తుచెయ్యాలి.

ఒక్క టీచరు, ఐదు తరగతులు

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక తరగతికి ఒక టీచరున్న బడి సంగతి. ఒకే గదిలో ఒకటి నుంచి ఐదు దాకా కూర్చోబెట్టుకునే ఏకోపాధ్యాయుడికి ఇది పరాయి దేశపు కథలా ఉంటుంది. ఆయనకు ప్రణాళిక అంటే, ఐదో తరగతికి భిన్నాలు చెబుతున్నంతసేపూ ఒకటో తరగతి చేతులకు ఏం పని అన్నదే.

దీనికి జవాబు దొరికింది మన మదనపల్లె దగ్గరే. రిషీవ్యాలీలో వై.ఎ.పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఒంటి టీచరు బడుల కోసం పాఠాన్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి కార్డులు చేశారు. ఒక్కో కార్డుకు ఒక జంతువో పక్షో గుర్తు. ఆ కార్డుల వరసను చూపే నిచ్చెన గోడ మీద ఉంటుంది. పిల్ల తన మెట్టు ఎక్కడుందో తనే చూసుకుని, కార్డు తీసుకుని, తన గుంపులో కూర్చుంటుంది. కొన్ని కార్డులకు టీచరు కావాలి, కొన్నిటికి పక్కపిల్ల చాలు, కొన్ని ఒంటరిగా చేసుకోవచ్చు. నాలుగు రోజులు జ్వరమొచ్చి బడి మానేసిన పిల్ల, ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ అందుకుంటుంది. రికార్డులో రాసిన ఏ పాఠ్య ప్రణాళికైనా ఇంత ఆలోచించిందా? కర్ణాటక ‘నలి కలి’కీ, తమిళనాడు కృత్యాధార బోధనకూ దారి చూపింది ఈ కార్డులే.

విద్యాహక్కు చట్టం, 2009, టీచరుకు వారానికి 45 పనిగంటలు రాసింది, పాఠాలకు తయారయ్యే సమయం కూడా అందులోనే కలిపి. చట్టానికి ఆ మాత్రం ఇంగితముంది. ఆ సమయం ఎటు పోతోందో ఏ స్టాఫ్‌రూంలో అడిగినా చెబుతారు. హాజరూ యాప్‌లోనే, మధ్యాహ్న భోజనమూ యాప్‌లోనే. సిగ్నల్ కోసం వరండా చివరికెళ్లి ఫోను పైకెత్తి నిలబడే టీచరును, రేపటి పాఠంలో ఇరుసు ప్రశ్న ఏమిటి అని అడగడానికి నాకైతే నోరు రాదు. తయారీ ఇంట్లో, రాత్రి తొమ్మిదిన్నరకు జరుగుతోంది.

ఈ తీరిక లేనితనం మీదే గైడ్ల వ్యాపారం, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు. ఇప్పుడు ఫోనులో అడిగితే అర నిమిషంలో లెసన్ ప్లాన్ రాసిచ్చే యంత్రాలూ వచ్చాయి. బాగానే రాస్తాయి, అక్షరదోషాలు లేకుండా. సోమవారం సంత సంగతి వాటికెవరు చెబుతారు? నిక్కరుకు చాక్‌పీసు పొడి తుడుచుకున్న పిల్లాడి గురించి?

“సంచి చిరిగితే తగ్గుద్ది టీచర్”

ఆ మర్నాడు నేను క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. హాజరు వేశాక ఐదు నిమిషాలు పాత లెక్కలు. తర్వాత సంత. ముప్పావు. ఆవిడ బల్ల మీద 2/6 రాసి, ఇరుసు ప్రశ్న అడిగింది: పెరుగుతుందా, తగ్గుతుందా?

అడిగి, ఊరుకుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తేల్చిన సంగతి ఇది. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే చాలు, జవాబులు పొడుగవుతాయి, నోరు విప్పనివాళ్లు విప్పుతారు. మూడు సెకన్లంటే ఏముందనిపిస్తుంది గానీ, క్లాసులో నిలబడ్డవాళ్లకు అది మూడు నిమిషాల పెట్టు. నేను మనసులో ఏడు దాకా లెక్కపెట్టాను.

“సంచి చిరిగితే తగ్గుద్ది టీచర్” అన్నాడొకడు. క్లాసు గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వి, “చిరగలేదురా, కొత్త సంచి” అంది. అప్పుడు మూడో వరసలోంచి ఒక సన్నటి గొంతు: “పెరగాలి. కానీ బల్ల మీద తగ్గింది.” ప్లాన్‌లో ఈ మాటకు ఆవిడ పది నిమిషాలు కేటాయించుకుంది. రెండో నిమిషంలోనే వచ్చేసింది.

ప్లాన్ ఇలా ముందుకు దూకినా, చతికిలబడినా టీచరు దాన్ని అక్కడికక్కడ వదిలెయ్యగలగాలి. గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’లో మాస్టారు ఎంతో ఊహించుకుని మొదటిరోజు నిశ్శబ్దపు ఆట పెడతాడు. పిల్లలు పిల్లికూతలు, కప్పగంతులు మొదలుపెడితే సెలవిచ్చి పంపేస్తాడు. మర్నాడు కథతో మొదలుపెడతాడు. 1932 నాటి పుస్తకం. ఓడిపోయిన ప్లాన్‌ను అంత దాపరికం లేకుండా చెప్పిన టీచరు పుస్తకాలు అరుదు.

తర్వాత పట్టీలు పంచింది. రెండు మడతలు, నాలుగు మడతలు చకచకా అయిపోయాయి. మూడు మడతల పట్టీల మీద రాత్రి కూర్చుని పెన్సిల్‌తో సన్నగా చుక్కలు పెట్టుకొచ్చింది, పిల్లలు కష్టపడకుండా. ఆవిడ బెంచీల మధ్య తిరుగుతూ ఒక అమ్మాయి దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల పట్టీని చుక్కల్లేని వైపుకు తిప్పేసుకుంది. ఒక అంచు ముందుకు, ఒక అంచు వెనక్కు వేసి, మూడు పొరలూ ఒక్కతీరుగా వచ్చేదాకా అటూ ఇటూ జరిపి, గోటితో గట్టిగా ఒత్తింది. విప్పి చూపించింది. మూడు భాగాలు, వెంట్రుకవాసి తేడా లేదు.

“ఎలా చేశావే?”

“కుచ్చిళ్లు పెట్టాను టీచర్.”

వాళ్లమ్మ ఇంట్లో కుట్టుపని చేస్తుందట. నిమిషంలో పక్కవాళ్లూ పట్టీలు తిరగేశారు. ఆ చుక్కల్ని ఇక ఎవరూ చూడలేదు. మూడింటిని మళ్లీ సగానికి మడిస్తే ఆరొచ్చాయి. అందులో రెండు భాగాలకు రంగు వేసి, నాలుగు మడతల పట్టీ పక్కన పెట్టి, “సగం కూడా లేదు టీచర్” అని నాలుగు మూలల నుంచీ అరిచారు. 2/6 బల్ల మీద అలాగే ఉంది. దాని పక్కన ఒక పిల్లాడు, పోయినేటి వాడి తమ్ముడట, 3/4 రాసి వెళ్లాడు.

మధ్యాహ్నం ఆవిడ ప్లాన్ పుస్తకం అడిగి చూశాను. ఆ రోజు పేజీ మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో రెండు వరసలున్నాయి.

‘పై ఏడు చుక్కలు పెట్టొద్దు. కుచ్చిళ్లు.’

‘మూడోవంతు పెద్దదా, పావు పెద్దదా? ఇంకా పదకొండు మంది పావే అంటున్నారు. రేపు.’